చనిపోయిన గుర్రం మీద పెళ్ళికొడుకు

"చనిపోయిన గుర్రాన్ని చూశానంటున్నారు. ఎక్కడ?"

"పెళ్ళి ఊరేగింపులో. దాని మీద పెళ్ళికొడుకు కూడా ఉన్నాడు."

డిటెక్టివ్ యలమంద కాఫీ గ్లాసు కింద పెట్టి, ఎదురుగా కూర్చున్నావిడ వంక మరోసారి పరీక్షగా చూశాడు. సీతారత్నం గారికి అరవై దాటాయి. హైదరాబాదులో ఆడపిల్లల కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరయ్యాక సొంతూరు చిలకలూరిపేట వచ్చి స్థిరపడ్డారు. కళ్ళజోడు వెనక కళ్ళు చురుగ్గా ఉన్నాయి. మతి తప్పిన మనిషిలా లేరు. ఫోన్ చేసి మరీ తనని గుంటూరు నుంచి పిలిపించిన మనిషి, ఆట పట్టించడానికి పిలిచినట్టూ లేదు.

"పోలీసులకి చెప్పారా?"

"చెప్పాను. ఎస్సై గారు నవ్వు ఆపుకోలేక బయటికెళ్ళిపోయారు. మీరు కూడా నవ్వాలనుకుంటే ఇప్పుడే నవ్వేయండి. తర్వాత మాట్లాడుకుందాం."

యలమంద నవ్వలేదు. "గుర్రం పేరు?"

"మిర్చి రాణి. ఎర్రటి ఆడగుర్రం. నుదుటి మీద తెల్లటి చుక్క, వెనక ఎడంకాలికి తెల్లటి మేజోడు తొడిగినట్టు మచ్చ. కోటేష్‌బాబుది. మార్టూరులో గ్రానైట్ పాలిష్ యూనిట్లున్నాయే, ఆయన. కిందటి శీతాకాలంలో పందెంలో కాలు విరిగిందనీ, అద్దంకి దగ్గర తన తోటకి తెచ్చి సూది మందిచ్చి చంపేశారనీ పేపర్లో చిన్న వార్త వచ్చింది. ఆ రోజు నేను అన్నం తినలేదు."

"గుర్రం కోసమా?"

"మీకు నవ్వొస్తోంది కదూ?"

"లేదమ్మా. చెప్పండి. ఆ గుర్రం మీకంత బాగా ఎలా తెలుసు?"

ఆ ప్రశ్న కోసమే కాచుక్కూర్చున్నట్టు ఆవిడ కుర్చీలో సర్దుకున్నారు.

"మలక్‌పేటలో మా ఇంటి డాబా ఎక్కితే రేస్‌కోర్సు కనిపించేది. పొద్దున్నే గుర్రాలకి పరుగు అలవాటు చేస్తారు. కాలేజీకి వెళ్ళేముందు ఓ గంట అది చూడందే నాకు తోచేది కాదు. పందేలున్న రోజైతే మావారినీ లాక్కెళ్ళేదాన్ని. ఆయనకి గుర్రానికీ గాడిదకీ తేడా తెలీదు. చెట్టు నీడన పేపరు చదువుకుంటూ కూర్చునేవారు. నేను పందెం ముందు గుర్రాల్ని నడిపించే చోట కంచె పట్టుకుని నిలబడేదాన్ని. ఏ గుర్రం ఎలా అడుగేస్తోంది, ఏది చెవులు నిక్కిస్తోంది, దేనికి ఆ రోజు పరిగెత్తే మనసుంది, అన్నీ చూసేదాన్ని."

"పందెం కాసేవారా?"

"ఒక్కసారీ కాయలేదు. మావారితో మటుకు కాసేదాన్ని. నేను చెప్పిన గుర్రం గెలిస్తే ఆ సాయంత్రం కాఫీ ఆయన కలపాలి." సీతారత్నం గారు హాయిగా నవ్వారు. "ఆయన పోయేనాటికి ఫస్టుక్లాసు కాఫీ కలిపేవారు."

యలమందకి కూడా నవ్వొచ్చింది. దాన్ని ఆపుకుని అసలు విషయానికొచ్చాడు. "ఊరేగింపులో ఏం జరిగింది?"

"గడియారస్తంభం దాటాక ఒక కొట్టువాడు తన షట్టరు దడాలున పైకెత్తాడు. గుర్రం ఒక్కసారి వెనక్కి కూలబడినట్టై, బాణంలా దూసుకుపోయింది. బ్యాండువాళ్ళు చెల్లాచెదురయ్యారు. పెళ్ళికొడుకు తలపాగా నా కాళ్ళ దగ్గర పడింది."

"బెదిరిందన్నమాట."

"బెదరలేదండీ!" ఆవిడ గొంతు క్లాసులో లేచినట్టు లేచింది. "బెదిరిన గుర్రం అడ్డదిడ్డంగా పోతుంది. జనాన్ని తొక్కుతుంది. ఇది గీత గీసినట్టు తిన్నగా వెళ్ళింది. రోడ్డు మధ్య డివైడరు పక్కనే, జానెడు దూరం కూడా విడవకుండా. మలుపు దగ్గర ముందుకేసే కాలు మార్చింది. పందెంలో లోపలి కంచె రెయిలుని అంటిపెట్టుకుని పరిగెత్తే గుర్రాలు చేసే పని అది. షట్టరు చప్పుడు విని పందెం మొదలుపెట్టే గేటు తీశారనుకుంది పిచ్చితల్లి. మూడు ఫర్లాంగులు పోయి, ఇక ఎవరూ వెంట రావడం లేదని చూసుకుని, నెమ్మదిగా నడుచుకుంటూ వెనక్కొచ్చేసింది. గెలిచిన గుర్రంలా మెడ ఊపుకుంటూ."

"పెళ్ళికొడుకు?"

"మెడని వాటేసుకుని మీదే ఉన్నాడు. జాకీగా పనికొస్తాడు."

"కాలు విరిగిన గుర్రం మూడు ఫర్లాంగులు పరిగెత్తదు కదా?"

"కాలు విరిగిన గుర్రం మూడడుగులు కూడా వెయ్యలేదు. అది ఆఖరి పందెంలో వెనకబడ్డప్పుడు నేను హైదరాబాదు వెళ్ళి చూశాను. నాలుగు కాళ్ళ మీదా చక్కగా నడిచి వెళ్ళింది. అందుకే ఆ వార్త నాకు ఎప్పుడూ నమ్మబుద్ధి కాలేదు. ఒక్కటే చిక్కు. ఈ గుర్రానికి నుదుటి మీద చుక్క లేదు. కాలికి తెలుపూ లేదు. నిలువెల్లా ఎరుపే."

"గుర్రం ఎవరిది?"

"మార్టూరు రోడ్డులో పాత పత్తి జిన్నింగ్ మిల్లుంది చూడండి. అక్కడ అల్లాబక్షు అని, పెళ్ళిళ్ళకి గుర్రాన్ని తిప్పుతాడు."

యలమంద లేచాడు. "చెప్పులేసుకోండమ్మా."

---

మూతబడ్డ జిన్నింగ్ మిల్లు గోడౌన్‌లో సగం బ్యాండుమేళం వాళ్ళది, సగం గుర్రానిది. అటు పక్క ఎవరో క్లారినెట్ సాధన చేస్తున్నారు. ఇటు పక్క తెల్లగడ్డం అల్లాబక్షు తలుపుకి అడ్డంగా నిలబడి ఉన్నాడు. అతని ముందు ఇస్త్రీ మడత నలగని చొక్కాతో ఒక నడివయసు మనిషి.

ఆ మనిషిని చూడగానే యలమంద ఆగాడు. జయదేవ్. హైదరాబాదులో ఒక ఇన్సూరెన్సు కంపెనీకి విచారణాధికారి. ఇంతకుముందు ఓసారి గుంటూరులో కోల్డ్ స్టోరేజీ ఒకటి తగలబడినప్పుడు కరెంటు వల్ల అని జయదేవ్ తేల్చాడు. కిరసనాయిలు అని యలమంద నిరూపించాడు. ఆ తర్వాత ఇద్దరూ ఎదురుపడటం ఇదే.

"ఓహో, యలమంద గారా!" జయదేవ్ పెదవి విరిచాడు. "పెళ్ళిగుర్రాల కేసులు కూడా చూస్తున్నారా ఈ మధ్య?"

"గుర్రం పరిగెత్తింది నిన్న సాయంత్రం. హైదరాబాదు నుంచి తమరు అప్పుడే వచ్చేశారే! వార్త ఎవరు చెప్పారు?"

"పెళ్ళి వీడియో లోకల్ కేబుల్లో పొద్దుటి నుంచీ వేస్తున్నారు. కోటేష్‌బాబు చూసి ఫోన్ చేశారు. నేనెలాగూ పని మీద అద్దంకిలోనే ఉన్నాను. తన గుర్రం పోలికలున్నాయని నలుగురూ అనుకోకుండా, కాదని తేల్చెయ్యమన్నారు. తేల్చేశాను. ఇది మిర్చి రాణి కాదు. ఇక దయచెయ్యండి."

"మేమూ ఓసారి చూసి దయచేస్తాం."

"ఏం చూస్తారు? మిర్చి రాణి చనిపోయిందని ఇన్సూరెన్సు రిపోర్టు రాసింది నేను. నా రిపోర్టు తప్పంటారా?"

"ఇంకా ఏమీ అనలేదు. మీరే అంటున్నారు."

జయదేవ్ మొహం ఎర్రబడింది. సీతారత్నం గారు ఈ గొడవేదీ పట్టించుకోలేదు. అల్లాబక్షుని చూసి, "బాబూ, ఒక్కసారి చూడనిస్తావా? ముట్టుకోను," అన్నారు. ఆ గొంతులో ఏం విన్నాడో, అల్లాబక్షు పక్కకి తప్పుకున్నాడు.

గుర్రం ఎండుగడ్డి మీద నిలబడి ఉంది. కొత్త మనుషుల్ని చూసి చెవులు ముందుకి తిప్పింది. సీతారత్నం గారు దూరంగానే ఆగి చేతులు కట్టుకున్నారు. ఆవిడ కళ్ళు నవ్వుతున్నాయి.

"నడిపించు, అల్లాబక్షూ," అన్నాడు యలమంద.

గుర్రం గోడౌన్‌లో ఈ చివర నుంచి ఆ చివరికి నడిచి వచ్చింది. వస్తూ వస్తూ జయదేవ్ దగ్గర ఆగింది. మెడ చాచి అతని ప్యాంటు జేబుని మూతితో పొడిచింది. జయదేవ్ చటుక్కున అరచేయి చాచి, వేళ్ళు ముడవకుండా చదునుగా దాని మూతి కింద పెట్టాడు. మరుక్షణం చెయ్యి వెనక్కి తీసుకుని రుమాలుతో తుడుచుకున్నాడు.

యలమంద అది చూశాడు. చూసినట్టు కనిపించలేదు.

"నుదురు చూడొచ్చా?" అడిగాడు అల్లాబక్షుని.

"ఏముంది సార్ చూట్టానికి?"

"అదే చూద్దాం."

యలమంద గుర్రం పక్కకి వెళ్ళి, దాని నుదుటి జూలు పైకెత్తి, కింది వెంట్రుకల్ని బొటనవేలితో నెమ్మదిగా పాయలు తీశాడు. పైకి ఎర్రగా ఉన్న వెంట్రుక మొదట్లో తెల్లగా ఉంది. రూపాయి బిళ్ళ అంత మేర అలాగే. పక్కన మాత్రం మొదటి నుంచి చివరి దాకా ఎరుపే. వెనక ఎడంకాలి దగ్గర వంగి చూశాడు. అక్కడా అంతే.

"జయదేవ్ గారూ, ఇలా రండి. మీసాలకి రంగేసుకునేవాళ్ళకి ఇది బాగా తెలియాలి. నాలుగు రోజులు అశ్రద్ధ చేస్తే మొదళ్ళు బయటపడతాయి."

జయదేవ్ తెలియకుండానే తన మీసం తడుముకున్నాడు. "రంగేసినంత మాత్రాన..."

"దేంతో వేశావు అల్లాబక్షూ?"

ముసలాయన జయదేవ్ వంక చూశాడు. జయదేవ్ తల తిప్పుకున్నాడు. "గోరింటాకు సార్," అన్నాడు అల్లాబక్షు. "నెలకోసారి. ఈ నెల పెళ్ళిళ్ళు ఎక్కువై కుదరలేదు."

"నేను చెప్పలే!" సీతారత్నం గారు ఒక్క ఉదుటున గుర్రం దగ్గరికెళ్ళి, ముట్టుకోనన్న మాట మర్చిపోయి, దాని మెడ మీద చెయ్యి వేశారు. "బతికున్నావుటే! ఎంత దిగులు పెట్టావే!" గుర్రం ఆవిడ భుజం మీద ఊపిరి వదిలింది. ఆవిడ కళ్ళజోడు మసకబారింది.

జయదేవ్ గట్టిగా అన్నాడు. "అయితే ఇది దొంగ గుర్రం. దీన్ని దాచిపెట్టింది ఈ అల్లాబక్షు. ఇప్పుడే పోలీసుల్ని..."

"పిలుద్దురుగాని. ముందు ఒక్కటి చెప్పండి," అన్నాడు యలమంద. "మీరు ఈ గుర్రాన్ని ఇంతకుముందు ఎన్నిసార్లు చూశారు?"

"ఒక్కసారీ లేదు. నేను చూసింది చచ్చిపడి ఉన్న మిర్చి రాణిని."

"మరి దానికి మీ జేబులో బెల్లం ఉంటుందని ఎలా తెలుసు?"

క్లారినెట్ ఆగిపోయింది. ఆ పక్క నుంచి బ్యాండువాళ్ళు ఇటు తొంగిచూస్తున్నారు.

"గుర్రం మూతి చాపితే అలవాటు లేనివాడు చెయ్యి లాక్కుంటాడు," యలమంద గొంతు పెంచలేదు. "మీరు చాచారు. వేళ్ళు కొరకకుండా చదునుగా. అది చాలాసార్లు మేత పెట్టిన చెయ్యి. జేబు చూపిస్తారా, నన్నే తీయమంటారా?"

జయదేవ్ జేబులోంచి చిన్న కాగితం పొట్లం తీసి అల్లాబక్షు చేతిలో పెట్టాడు. అందులో బెల్లం ముక్కలు. ముసలాయన అలవాటైన పనిలాగే వాటిని గుర్రానికి పెట్టాడు.

"చెప్పెయ్యండి సార్," అన్నాడు అల్లాబక్షు. "నా చేత అబద్ధాలాడించలేరు మీరు. నాకు నిద్ర పట్టట్లేదు."

జయదేవ్ అక్కడున్న డ్రమ్ము మీద కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా గురించి ఆలోచించలేదు.

"కాలు విరిగిందని డాక్టరు కాగితం పంపితే ఫోన్లోనే సరేనన్నాను. చంపడానికి కంపెనీ ఒప్పుకోవాలి. మా తరఫున ఒప్పుకునేది నేనే. మర్నాడు తోటకి వెళ్తే గొయ్యి పక్కన నిలబడి గడ్డి తింటోంది. కాలికి ఏమీ కాలేదు. పందేలు గెలవడం మానేసింది, అంతే దాని నేరం. నిజం బయటపెడితే చూడకుండా సరేనన్నందుకు నా ఉద్యోగం పోతుంది. ఊరుకుంటే అది పోతుంది. కోటేష్‌బాబు ఆ రోజు ఊళ్ళో లేడు. డాక్టరుకి కూడా చంపడానికి మనసొప్పలేదు. ఇద్దరం కలిసి రాళ్ళు పోసి గొయ్యి పూడ్చేశాం. దీన్ని లారీలో ఇక్కడికి తోలాం."

"నెలనెలా వస్తారు సార్," అల్లాబక్షు అందుకున్నాడు. "దీంతో కాసేపు కబుర్లు చెప్పి పోతారు."

సీతారత్నం గారు జయదేవ్ దగ్గరకొచ్చారు. కోప్పడతారని అందరూ అనుకున్నారు. ఆవిడ అతని భుజం మీద చెయ్యి వేసి, "నువ్వు ఎన్ని తప్పులు చేశావో గాని నాయనా, చెయ్యాల్సిన పని ఒకటి చేశావు," అన్నారు.

బయట కారు హారన్ మోగింది.

---

తెల్ల సుమో దిగిన కోటేష్‌బాబు లోపలికి రాకుండానే అరిచాడు. "ఏమయ్యా జయదేవ్! సెల్లు ఎత్తవేంటి? తేల్చావా లేదా?"

లోపల ఇంతమందిని చూసి ఆగాడు. మెడలో లావుపాటి గొలుసు, మొహంలో ఎండకి తిరిగిన చిరాకు. అతని చూపు గుర్రం మీద పడింది. వేళ్ళాడే జూలు కింద యలమంద విడదీసిన పాయలు ఇంకా తెల్లగా కనిపిస్తున్నాయి.

జయదేవ్ లేవబోయాడు. యలమంద అతన్ని ఆపి తనే ముందుకొచ్చాడు.

"రండి కోటేష్‌బాబు గారూ. మీ కోసమే చూస్తున్నాం. నా పేరు యలమంద, గుంటూరు. ఒక చిన్న సందేహం మీరే తీర్చాలి. ఈ గుర్రం మీదేనా?"

కోటేష్‌బాబు కళ్ళు చిన్నవయ్యాయి. "నువ్వెవడివి నన్నడగటానికి?"

"మీదైతే ఇప్పుడే తోలుకెళ్ళండి. అల్లాబక్షు అడ్డు చెప్పడు. కాకపోతే చచ్చిపోయిందని కంపెనీ దగ్గర మీరు తీసుకున్న సొమ్ము సంగతి, ఇదుగో, కంపెనీ మనిషి ఇక్కడే ఉన్నారు, ఆయనకి చెప్పి వెళ్ళండి. మీది కాకపోతే, కాదని ఈ నలుగురి ముందూ ఒక్క మాట అనండి. అల్లాబక్షు గుర్రం అల్లాబక్షుదే."

బ్యాండువాళ్ళు ఒక్కొక్కరే ఇవతలికొచ్చి నిలబడ్డారు. డోలు వాయించే కుర్రవాడైతే సుమోకీ తలుపుకీ మధ్య డోలు దించాడు.

కోటేష్‌బాబు గుర్రాన్ని చూశాడు. జయదేవ్‌ని చూశాడు. ఆ చూపు జయదేవ్ మీదే ఎక్కువసేపు ఆగింది. గుర్రం మాత్రం తన యజమానిని గుర్తుపట్టనట్టే బెల్లం చప్పరిస్తోంది.

"నాది కాదు," అన్నాడు చివరికి.

"సరిగ్గా వినపళ్ళేదండీ," అన్నారు సీతారత్నం గారు.

"నాది కాదు, కాదు, కాదు! నా గుర్రం చచ్చింది. చాలా?"

"చాలండి," అన్నాడు యలమంద.

కోటేష్‌బాబు విసురుగా వెనక్కి తిరిగాడు. సుమో తలుపు దగ్గర ఆగి, చిత్రంగా, నవ్వాడు.

"జయదేవ్, రేపు పొద్దున్నే తోటకొస్తావుగా? రెండో గుర్రం పని ఉంది. ఒక్కడివే రా. ఈ మేళమంతా ఎందుకు?"

బండి దుమ్ము రేపుకుంటూ అద్దంకి వైపు వెళ్ళిపోయింది.

గోడౌన్‌లో ఒక్కసారిగా కేకలు, ఈలలు. ఎవరో క్లారినెట్ అందుకుని పెళ్ళిపాట మొదలెట్టారు. అల్లాబక్షు గుర్రం మెడని కావిలించుకుని కళ్ళు తుడుచుకున్నాడు. సీతారత్నం గారి మొహం చూస్తే, తను చెప్పిన గుర్రమే గెలిచిన రోజున ఆవిడ ఎలా ఉండేవారో యలమందకి అర్థమైంది. తన పదిహేనేళ్ళ వృత్తిలో ఒక కేసు ఇంత హాయిగా తెమలడం అతనికి గుర్తులేదు.

జయదేవ్ ఒక్కడే నవ్వలేదు.

"రెండో గుర్రం ఏమిటి?" అడిగాడు యలమంద, అతని పక్కన కూర్చుంటూ.

"సీ బ్రీజ్. దానిక్కూడా కాలు విరిగిందని కాగితం వచ్చింది. ఈసారి చూడకుండా సరేననలేదు. అందుకే నిన్న అద్దంకి వచ్చాను. పొద్దున తోటకి వెళ్ళాను."

"సీ బ్రీజా!" సీతారత్నం గారు గబగబా వచ్చారు. "పోయిన నెలే కదా గెలిచింది! నేను చూశాను. దాని కాళ్ళకేం రోగం?"

"ఏ రోగమూ లేదు మేడమ్. షెడ్డులో కట్టేసి ఉంది. ఎలాగైనా దాన్ని కూడా తప్పిద్దామనుకున్నాను. కానీ..." జయదేవ్ మెడ మీద చెమట తుడుచుకున్నాడు. "పాత గొయ్యి మళ్ళీ తవ్వించాడు యలమంద గారూ. అందులో రాళ్ళు తప్ప ఎముక ముక్క లేదు. అంటే కేబుల్లో వీడియో రాకముందే ఆయనకి తెలుసు. ఆ పక్కనే ఇంకో గొయ్యి తవ్వి ఉంది. అది సీ బ్రీజ్‌కి అనుకున్నాను."

"కాదా?"

"అది గుర్రం పట్టేంత గొయ్యి కాదు."

క్లారినెట్ జోరు మీద ఉంది. యలమంద జయదేవ్ మొహంలోకి చూశాడు. మెల్లగా లేచి, తలుపు దగ్గరికెళ్ళి, అద్దంకి రోడ్డు వంక ఓసారి చూసి వచ్చాడు.

సీతారత్నం గారు చీర కొంగు నడుముకి బిగించారు.

"ఒక్కడివే రమ్మన్నాడని ఒక్కడివే ఎందుకెళ్తావు నాయనా?" అన్నారు. "సీ బ్రీజ్‌ని గుర్తుపట్టడానికి ఎలాగూ నేనుండాలి. యలమంద గారూ, మీ కార్లో పెట్రోలుందా?"